అమ్మగా గుర్తుంది, మరి చిత్రకారిణిగా?

1895 మార్చి 2న పారిస్‌లో ఫ్రెంచ్ చిత్రకారిణి బెర్త్ మొరిసో చనిపోయింది. అప్పటికి ఆమె వయసు 54. వెలుతురును విడి విడి కుంచె గీతలతో పట్టుకున్న ఇంప్రెషనిస్టు చిత్రకారులు కలిసి పెట్టిన ఎనిమిది ఎగ్జిబిషన్లలో ఏడింట్లో ఆమె బొమ్మలున్నాయి. లేని ఆ ఒక్కటీ 1879 నాటిది. అంతకు కొన్ని నెలల ముందే కూతురు జూలీ పుట్టింది. ఇంత పని చేసిన మనిషి మరణ పత్రంలో వృత్తి అనే చోట ఏ వృత్తీ లేదని రాశారు. సమాధి రాయి మీద భర్త పేరుతో, యూజీన్ మానే వితంతువు అని చెక్కారు.

అదెప్పటి కాలమో కదా అని తీసిపారేయడానికి లేదు. 2013లో ఇవాన్ బ్రిల్ అనే రాకెట్ శాస్త్రవేత్త చనిపోయినప్పుడు న్యూయార్క్ టైమ్స్ వేసిన సంస్మరణ, ఆమె చేతి వంట ఎంత బాగుండేదో చెబుతూ మొదలైంది. రాకెట్ల మాట ఆ తర్వాత వచ్చింది. చదివినవాళ్లు మండిపడ్డాక పత్రిక ఆన్‌లైన్‌లో ఆ మొదటి వాక్యాన్ని మార్చింది. శాస్త్రవేత్తకైతే పేటెంట్లు, పరిశోధన పత్రాలు, చేసిన సంస్థల రికార్డులు ఉంటాయి కాబట్టి వాక్యం దిద్దుకోవడం తేలిక. ఇంట్లోనే ఓ మూల ఈజిల్ (కాన్వాస్ నిలబెట్టే స్టాండు) పెట్టుకుని బొమ్మలు వేసి, ఎక్కువగా అమ్మకానికి పెట్టని మనిషికి అలాంటి ఆధారాలేవీ ఉండవు. ఆమె పోయాక ఏది మిగలాలి, ఏది పోవాలి అన్నది దాదాపు పూర్తిగా పిల్లల చేతిలోకి వస్తుంది.

చిక్కంతా ఇక్కడే ఉంది. అమ్మ గురించి చెప్పడానికి పిల్లలను మించిన సాక్షులు లేరు. చిత్రకారిణి గురించి చెప్పడానికి మాత్రం వాళ్లు అంత నమ్మదగ్గ సాక్షులు కారు. కారణం ప్రేమ తక్కువ కావడం కాదు, వాళ్లు చూసిన వేళ వేరు. పిల్లలకు గుర్తుండేది అమ్మ తమవైపు తిరిగి ఉన్నప్పటి ముఖం. పని చేసుకునే వేళ ఆమె ముఖం కాన్వాస్ వైపు ఉంటుంది. పిల్లలు నిద్రపోయాక, బడికి వెళ్లాక, ఎవరూ పిలవని ఆ గంటా గంటన్నరలో జరిగిన పని వాళ్ల జ్ఞాపకంలోకి రానే రాదు. టర్పెంటైన్ వాసన, 'తడిగా ఉంది, ముట్టుకోకండి' అన్న కేక, సింకులో నానుతున్న కుంచెలు, ఇవే మిగులుతాయి. అందుకే నివాళి రాయడానికి కూర్చుంటే ఆమె ఓపిక, నవ్వు, అందరినీ ఆదరించిన తీరు గురించి పేజీలు నిండుతాయి. బొమ్మల దగ్గరికొచ్చేసరికి రంగులంటే ప్రాణం అన్న ఒక్క మాటతో సరిపోతుంది. ఏ రంగులు, ఏ బొమ్మలు, ఏ ఏడు వేసినవి అని అడిగితే జవాబుండదు.

మొరిసో విషయంలో ఈ కథ అడ్డం తిరిగింది, అదీ కూతురి వల్లే. జూలీకి జబ్బు చేస్తే దగ్గరుండి చూసుకుంటూ తనూ మంచం పట్టిన మొరిసో, చనిపోవడానికి ముందు రోజు కూతురికి ఒక చిన్న ఉత్తరం రాసింది. పోతూ కూడా నిన్ను ప్రేమిస్తున్నాను, పోయాక కూడా ప్రేమిస్తూనే ఉంటాను, ఏడవకు అని అందులో ఉంది. ఇంతవరకే ఉంటే అది ఒక తల్లి ఉత్తరం. కానీ అదే కాగితంలో, డెగా మ్యూజియం పెట్టేమాటుంటే ఒక మానే బొమ్మను ఎంచుకోమని చెప్పు, మోనేకీ రెన్వార్‌కీ గుర్తుగా చెరొకటి ఇవ్వు, నా డ్రాయింగుల్లో ఒకటి బార్తొలోమేకి ఇవ్వు, ఇంటి కాపలా చూసే ఇద్దరికీ ఏదైనా ఇవ్వు అని కూడా ఉంది. డెగా, మోనే, రెన్వార్ ఆమె చిత్రకారుల బృందంలోని మిత్రులు, బార్తొలోమే శిల్పి, బొమ్మ వేసిన మానే ఆమె భర్త అన్న ఎడ్వార్. ఎవరి చేతికి ఏ బొమ్మ వెళ్లాలో ఆ స్థితిలోనూ లెక్క చూసుకున్న మనిషి ఆమె. ఈ ఉత్తరాన్ని ఎత్తి చూపేవాళ్లు చాలామంది మొదటి సగంతో ఆగిపోతారు. రెండో సగం లేకపోతే మొరిసో సగమే అర్థమవుతుంది.

అప్పటికి జూలీకి 16 ఏళ్లు. తండ్రి 1892లోనే పోయాడు. కవి మలార్మే సంరక్షకుడయ్యాడు. ఏడాది తిరిగేసరికి, 1896 మార్చిలో, పారిస్‌లోని దురాన్-రుయెల్ గ్యాలరీలో మొరిసో బొమ్మలు దాదాపు 400 ఒకేచోట పెట్టారు. గోడలకు తగిలించింది డెగా, మోనే, రెన్వార్. కేటలాగుకు ముందుమాట మలార్మేది. జూలీ డైరీలో ఆ రోజుల సంగతులు వివరంగా ఉన్నాయి. డ్రాయింగులు తగిలించిన పెద్ద తెరను హాలు మధ్యలో పెట్టాలని డెగా పట్టు, అడ్డంగా ఉంటుందని మిగతావాళ్ల గొడవ. మాటా మాటా పెరిగి డెగా మధ్యలోనే వెళ్లిపోయాడు. చనిపోయిన స్నేహితురాలి కోసం కూడినవాళ్లు తెర ఎక్కడ పెట్టాలని తగువులాడుకోవడం పైకి చూస్తే చిన్నతనంగా కనిపిస్తుంది. నిజానికి ఒక చిత్రకారిణికి అంతకు మించిన నివాళి మరొకటి దొరకదు. ఆమె ఎంత మంచిదో చెప్పుకుంటూ వాళ్లు కూర్చోలేదు, ఆమె డ్రాయింగులు ఏ వెలుతురులో, ఎంత దూరం నుంచి కనిపించాలో తేల్చుకుంటున్నారు.

ఆ తర్వాతి పని నెమ్మదిగా సాగింది. జూలీ 1966 దాకా బతికింది. ఆమె కొడుకు డెనీ రువార్ 1950లో అమ్మమ్మ ఉత్తరాలను పుస్తకంగా తెచ్చాడు. బొమ్మలన్నిటినీ వరుసగా నమోదు చేసిన మొదటి కేటలాగు 1961లో వచ్చింది. అంటే చనిపోయిన 66 ఏళ్లకు. కుటుంబం దగ్గరున్న బొమ్మల్లో పెద్ద భాగం తర్వాత పారిస్‌లోని మార్మొత్తాన్ మ్యూజియంకి చేరింది. మొరిసో గురించి ఈ రోజు ఎవరైనా ధీమాగా ఒక వాక్యం రాయగలుగుతున్నారంటే, కాగితాలు పారేయని ఒక కూతురు, ఒక మనవడు ఉండటమే కారణం.

అదే ఇంట్లో ఇంకో కథ కూడా ఉంది, దాన్ని ఎవరూ ఎక్కువగా చెప్పరు. మొరిసో అక్క ఎడ్మా కూడా చిత్రకారిణే. ఇద్దరూ ఒకే గురువుల దగ్గర నేర్చుకున్నారు, అధికారిక ప్రదర్శన అయిన పారిస్ సలోన్‌లో ఇద్దరి బొమ్మలూ కనిపించాయి. 1869లో పెళ్లయ్యాక ఎడ్మా బొమ్మలు వేయడం మానేసింది. మూడేళ్ల తర్వాత చెల్లెలు ఆమెను మోడల్‌గా కూర్చోబెట్టి, ఉయ్యాలలో నిద్రపోతున్న పసిబిడ్డనూ, పక్కనే చెంపకు చేయి ఆనించి చూస్తున్న తల్లినీ వేసింది. 1874లో జరిగిన మొదటి ఇంప్రెషనిస్టు ఎగ్జిబిషన్‌లో ఆ బొమ్మ ఉంది, ఇప్పుడు పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. మాతృత్వానికి గుర్తుగా గ్రీటింగ్ కార్డుల దాకా వెళ్లిన బొమ్మ అది. అందులో కూర్చున్నది కుంచె పక్కన పెట్టేసిన ఒక చిత్రకారిణి అన్న సంగతి తెలిసి చూస్తే ఆ చూపు వేరేగా కనిపిస్తుంది. అలసటా, విసుగా, ప్రేమా, ఇంకేదో లెక్కా అన్నది ఎవరికి వారు తేల్చుకోవచ్చు. ఎడ్మా మాత్రం లోకానికి చెల్లెలి బొమ్మలో తల్లిగానే మిగిలింది.

ఇక్కడ ఇంకో పొరపాటు కూడా జరుగుతుంటుంది. చిత్రకారిణి తల్లి కూడా అయితే ఆమె వేసిన ప్రతి బొమ్మలోనూ మాతృత్వం వెతుకుతారు. మొరిసో కూతురిని పసితనం నుంచి పదహారేళ్ల దాకా వేస్తూనే ఉంది, తోటలో, కిటికీ దగ్గర, వయొలిన్ పట్టుకుని. తల్లి ప్రేమ అని ఒక్క మాటలో చెప్పి ముందుకు సాగిపోవడం తేలిక. ఆమె మగ మిత్రులకు కేఫులు, డాన్సు హాళ్లు, తెర వెనక నాట్యగత్తెలు, రైల్వే స్టేషన్లు అన్నీ అందుబాటులో ఉండేవి. ఆ తరగతి ఆడవాళ్లు ఒంటరిగా అక్కడికి వెళ్లే వీలు లేదు. ఆమె చేతికందిన లోకం ఇల్లూ తోటా, అందులో కుదురుగా కూర్చోని ఒక పిల్ల. కదిలే మోడల్‌ను పట్టుకోవాలంటే చేయి చురుగ్గా సాగాలి, అంచులు వదిలేయాలి. చివరి ఏళ్ల బొమ్మల్లో కాన్వాస్ మూలల్లో రంగు పడని చోట్లు, పొడవాటి విడి గీతలు కనిపిస్తాయి. అప్పట్లో కొందరికి అవి పూర్తికాని బొమ్మల్లా అనిపించాయి. ప్రేమ ఉంది, కాదనేవాళ్లు లేరు. కానీ ప్రేమ ఉన్న తల్లులందరూ అలా వేయలేరు. ఆ విడి గీత ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ప్రేమ గురించి మాత్రమే చెబితే చిత్రకారిణిని మళ్లీ పక్కన పెట్టినట్టే.

జర్మన్ చిత్రకారిణి పౌలా మోడర్‌సోన్-బెకర్ కూతురికి జూలీకున్న పాటి జ్ఞాపకాలు కూడా లేవు. 1907 నవంబర్ 2న మటిల్డే పుట్టింది, 20న తల్లి చనిపోయింది. పౌలాకి అప్పుడు 31 ఏళ్లు. బతికుండగా ఆమె అమ్మినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. వేసినవి మాత్రం 700కి పైగా పెయింటింగులు, వెయ్యి దాకా డ్రాయింగులు. అన్నీ పదీ పదిహేనేళ్ల లోపు పని. మరుసటి ఏడాది కవి రిల్కే ఆమె కోసం పెద్ద స్మృతి కావ్యం రాశాడు, అందులో ఆమె పేరు లేదు. ఉత్తరాలూ డైరీలూ పుస్తకంగా వచ్చాక జర్మనీలో వేలమంది ఆమెను ఆ మాటల ద్వారా ప్రేమించారు, బొమ్మల దాకా వెళ్లినవాళ్లు తక్కువ. పసిబిడ్డను వదిలి వెళ్లిపోయిన అమ్మాయిగా ఆమె కథ కన్నీళ్లు పెట్టించేది. గర్భం లేని రోజుల్లో, 1906లో, తన ఆరో పెళ్లిరోజున, గర్భవతిలా అర్ధనగ్నంగా తన బొమ్మను తనే వేసుకున్న ధైర్యం ఆ కథలో ఇమడదు. బ్రెమెన్‌లో 1927లో ఆమె పేరు మీద మ్యూజియం వచ్చింది, ఒక చిత్రకారిణి కోసమే ప్రపంచంలో మొదటిసారి కట్టినదిగా దాన్ని చెబుతారు. తల్లి ముఖమే తెలియని మటిల్డే 1978లో ఆమె పేరిట ఫౌండేషన్ పెట్టింది. 1998లో తను చనిపోయింది, మొత్తం పెయింటింగుల కేటలాగు కూడా ఆ ఏడే వచ్చింది.

జూలీకి జ్ఞాపకాలున్నాయి, మటిల్డేకి లేవు. చేసిన పని మాత్రం ఇద్దరిదీ ఒకటే, బొమ్మలు చెదిరిపోకుండా చూడటం. తలుచుకోవడానికి జ్ఞాపకం ఉండి తీరాలని లేదని మటిల్డేని చూస్తే తెలుస్తుంది. ఒక రకంగా ఆమెకు అదే కలిసొచ్చిందేమో. తల్లి ఎలా ఉండేదో తెలియదు కాబట్టి తల్లి ఏం చేసిందో చూడటం తప్ప ఆమెకు దారి లేదు.

పిల్లలు పుట్టాక ఆమె బొమ్మలు ఆగిపోయాయి అన్నది నివాళుల్లో తరచూ వినిపించే ఇంకో మాట. కొన్నిసార్లు నిజమే, పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారిణి యూడిత్ లేస్టర్ పేరుతో 1636లో పెళ్లయ్యాక దొరికిన బొమ్మలు చాలా తక్కువ. ఆమె సంతకం ఒక జె, ఒక ఎల్, పక్కనే ఒక నక్షత్రం. అదే కాలపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్ వేశాడనుకున్న బొమ్మ మీద ఆ గుర్తు 1893లో బయటపడే దాకా చరిత్రలో ఆమె లేనే లేదు. భర్త చనిపోయాక రాసిన ఆస్తి జాబితాలో కొన్ని బొమ్మలు పేరు లేకుండా, చనిపోయిన ఆయన భార్యవి అని మాత్రం ఉన్నాయి. కానీ అదే దేశంలో, తర్వాతి తరంలో, రాఖెల్ రౌష్ పదిమంది పిల్లల్ని కన్నది, అరవై ఏళ్లకు పైగా పూల బొమ్మలు వేసింది, 83వ ఏట వేసిన బొమ్మ మీద సంతకం పక్కన వయసు కూడా రాసుకుంది. ఫ్రెంచ్ చిత్రకారిణి ఎలిజబెత్ విజే ల బ్రాన్ అయితే 1780లో కూతురు పుట్టిన రోజున నొప్పులకూ నొప్పులకూ మధ్య కాన్వాస్ మీద పని చేశానని తన జ్ఞాపకాల్లో రాసుకుంది. ఎవరిని ఎప్పుడు వేసిందో జాబితాలు కూడా తనే రాసి పెట్టింది. మంచిపనే చేసింది, కూతురు ఆమెకంటే 23 ఏళ్ల ముందే పోయింది.

కాబట్టి ఆగిపోయిందని రాసేముందు తేదీలు చూడాలి. చాలా ఇళ్లలో దొరికేది పూర్తి విరామం కాదు, సైజు మార్పు. పెద్ద కాన్వాసులు చిన్నవవుతాయి, ఆయిల్ పోయి వాటర్ కలర్ వస్తుంది, ఎందుకంటే ఆయిల్ ఆరడానికి రోజులు పడుతుంది, చిన్నపిల్లల ఇంట్లో తడి కాన్వాస్ అంటే ఒకటే టెన్షన్. పెయింటింగులు తగ్గి స్కెచ్ పుస్తకాలు పెరుగుతాయి. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పెద్ద సైజు మొదలవుతుంది. ఈ మార్పంతా తేదీల వారీగా పరిచి చూస్తేనే కనిపిస్తుంది. మావల్లే అమ్మ మానేసింది అని పిల్లలు మోసే బరువు కొన్నిసార్లు ఆ తేదీల ముందు నిలబడదు. కొన్నిసార్లు నిలబడుతుంది, అప్పుడు ఆ సంగతి దాచకుండా రాయాలి.

పొగడ్త లేకుండా తలుచుకోవడానికి అమెరికన్ చిత్రకారిణి ఆలిస్ నీల్ కుటుంబం మంచి ఉదాహరణ. న్యూయార్క్‌లో అద్దె ఇంట్లో, ఈజిల్‌కి వేరే గది లేకుండా, ఇద్దరు కొడుకులను పెంచుతూ ఆమె దశాబ్దాల పాటు మనుషుల బొమ్మలు వేసింది. అంతకు ముందే ఒక కూతురు పసితనంలో డిఫ్తీరియాతో చనిపోయింది, ఇంకో కూతురు తండ్రి బంధువుల దగ్గర క్యూబాలో పెరిగింది. 1974లో విట్నీ మ్యూజియం ఎగ్జిబిషన్ పెట్టే దాకా పెద్ద పేరు రాలేదు, 1984లో ఆమె పోయింది. మనవడు 2007లో తీసిన డాక్యుమెంటరీలో కొడుకుల మాటలు వింటే గర్వమూ ఉంటుంది, చిన్నతనపు ఇబ్బందుల చేదూ ఉంటుంది. ఒకే అమ్మ గురించి ఇద్దరికీ ఒకే అభిప్రాయం లేదు. దానివల్ల ఆమె చిన్నదైపోలేదు. డబ్బు లేని ఇంట్లో అమ్ముడుపోని బొమ్మలు వేస్తూ పోవడానికి ఎంత మొండితనం కావాలో, ఆ మొండితనం పక్కనున్నవాళ్ల మీద ఎలా పడుతుందో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. నివాళిలో చేదు ఉండకూడదనే పట్టింపు వల్ల మన దగ్గర మిగిలేవి చాలావరకు ఒకే అచ్చులో పోసిన అమ్మలు.

ఇక అసలు పని, ఇల్లు సర్దేటప్పుడు ఎదురయ్యేది. ముందు బొమ్మల వెనక వైపు చూడాలి. తేదీ, పేరు, చిరునామా, ఏదో ఎగ్జిబిషన్ చీటీ, కొట్టేసిన పాత ధర, ఒక్కోసారి కాన్వాస్ తిప్పి వాడితే అటువైపు ఇంకో బొమ్మ, అన్నీ అక్కడే ఉంటాయి. కొత్త ఫ్రేము కట్టించేటప్పుడు మొదట పోయేవి ఆ చీటీలే. కాబట్టి ఎవరికైనా ఇచ్చే ముందు రెండు వైపులా ఫోటో తీసి, పొడవు వెడల్పులు కొలిచి, ప్రతిదానికీ ఒక అంకె ఇచ్చి రాసుకోవాలి. కాగితం బొమ్మలైతే ఆ అంకెను వెనక మూలన మెత్తటి పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను ఇంకు ముందు వైపుకి దిగుతుంది. సంతకం లేని బొమ్మ మీద అమ్మ పేరు పిల్లలు రాయడం, సగంలో ఆగినదాన్ని ఎవరిచేతనో పూర్తి చేయించడం ప్రేమతోనే చేస్తారు. తర్వాత చూసేవాళ్లకు మాత్రం ఏ గీత ఆమెదో తేల్చుకునే దారి మూసుకుపోతుంది.

చీకటి గదిలో, అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న ఆయిల్ పెయింటింగులు పసుపెక్కి కనిపిస్తే పాడైపోయాయని పారేయకూడదు. ఆయిల్ రంగులు కలిపే అవిసె నూనె చీకట్లో పసుపు తిరుగుతుంది, వెలుతురులో ఉంచితే అది కొంతవరకు తగ్గుతుంది. 1638లో ఫ్లెమిష్ చిత్రకారుడు రూబెన్స్ ఒక బొమ్మ పంపుతూ, ఆరీ ఆరకుండానే పెట్టెలో పెట్టడం వల్ల తెలుపులు పసుపెక్కి ఉంటే కాసేపు ఎండలో పెట్టమని ఉత్తరం రాశాడు. ఇప్పుడు ఎండలో పెట్టమని ఎవరూ సలహా ఇవ్వరు, మామూలు పగటి వెలుతురు చాలు. వాటర్ కలర్‌కి ఇది పూర్తిగా తిరగబడుతుంది, వెలుతురు తగిలేకొద్దీ రంగు పోతుంది. హాల్లో కిటికీకి ఎదురుగా అమ్మ గుర్తుగా తగిలించిన వాటర్ కలర్ మీద అందరికీ ఎంత ప్రేముంటే అది అంత త్వరగా వెలిసిపోతుంది.

కాపీరైట్ సంగతి చాలామంది పట్టించుకోరు. బొమ్మ ఎవరి గోడ మీద ఉంటే వాళ్లదే హక్కు అనుకుంటారు. కాన్వాస్ సొంతం కావడం వేరు, దాన్ని అచ్చు వేసే హక్కు వేరు. రాసి ఇస్తే తప్ప ఆ హక్కు చిత్రకారిణి వారసులతోనే ఉంటుంది. కాపీరైట్ మీద దేశాల మధ్య కుదిరిన బెర్న్ ఒప్పందం ప్రకారం ఆమె పోయాక కనీసం 50 ఏళ్లు, చాలా దేశాల్లో 60, 70 ఏళ్లు. ముగ్గురు నలుగురు వారసులుంటే అనుమతి ఎవరు ఇవ్వాలో ముందే ఒక కాగితం మీద రాసుకోకపోతే, తర్వాత పుస్తకం వేద్దామన్నా ఎగ్జిబిషన్ పెడదామన్నా పని ముందుకు సాగదు. బొమ్మలు ఇంట్లో వాళ్లకు పంచుకోవాల్సి వచ్చినా, జాబితా మాత్రం ఒకటే ఉండాలి, ఏది ఎవరి దగ్గరుందో అందులో రాసి ఉండాలి.

బాగా రానివాటిని ఏం చేయాలన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఆమె స్వయంగా చింపేసినవి ఆమె తీర్పు. మిగిల్చినవాటిలో ఏవి ఉంచాలో తేల్చడానికి ఇంట్లోవాళ్లు తొందరపడకూడదు. నాలుగుసార్లు వేసి వదిలేసిన చెయ్యి, రంగు కుదరక గీకేసిన ఆకాశం, ఇవి గోడ మీదకి ఎక్కవు, కానీ ఆమె ఎలా ఆలోచించిందో తెలిసేది వాటిలోనే. పూర్తయిన బొమ్మ అందరికీ నచ్చాలని వేసినది కావచ్చు, స్కెచ్ పుస్తకం తన కోసం వేసుకున్నది.

అన్నిటికంటే తొందరగా చేయాల్సింది మనుషుల పేర్లు రాసుకోవడం. పోర్ట్రెయిట్‌లో ఉన్నది ఎవరు, ఆ కుర్చీ ఏ ఇంట్లోది, వెనక కనిపించే కిటికీ ఎటువైపుది అన్నది ఆమె తోబుట్టువులకు, పాత స్నేహితులకు, చివరిదాకా రంగులు తెచ్చిచ్చిన మనిషికి తెలుస్తుంది. వాళ్లూ పెద్దవాళ్లే. ఫోన్‌లో ఫోటోలు చూపిస్తూ, మాటలు రికార్డు చేసుకుంటూ ఒక పూట కూర్చుంటే జాబితాలో సగం ఖాళీలు నిండుతాయి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకుని, ఎవరు చెప్పారో పక్కన రాసి పెట్టాలి.